ఎంగిలి పిపెట్: కెమిస్ట్రీ ల్యాబుకు మనం నడిచొచ్చిన దారి



పోయిన సోమవారం క్లాసు అయ్యాక ఒక ఫస్టియర్ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. మా మధురవాడ పిల్లే. కెమిస్ట్రీ మేజరు. "సార్, మీరు కూడా డిగ్రీలో కెమిస్ట్రీయే చదివారంట కదా. మరి తెలుగులోకి ఎందుకొచ్చీసారు? ఆ సబ్జెక్టు మనకి పడదనా?" అని అడిగింది.

ఆ 'మనకి' దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఇంట్లో వాళ్ల నాన్న మానెయ్యమంటున్నాడట. కెమిస్ట్రీ చదివినవాళ్లంతా ఆఖరికి పరవాడ ఫార్మాలో నైట్ షిఫ్టులు చేసుకోవడమే కదా అంటున్నాడట. "రేపు మాట్లాడదాం అమ్మా" అని పంపించేశాను. వారం గడిచింది. ఆ పిల్లకు నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆమె ఒక్కదానికే కాదు, మన హాస్టళ్లలో కూర్చుని గ్రూపు మార్చుకుందామా అని ఆలోచిస్తున్న ప్రతి తమ్ముడికీ చెల్లికీ.

1.

నేను డిగ్రీలో చేరింది 2005లో. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మా పక్కన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. మధురవాడ అంటే అప్పటిదాకా ఊళ్లోవాళ్లకు తెలిసింది రాళ్ల క్వారీలు, జీడితోటలు. ఆ మ్యాచ్ తర్వాత సిటీబస్సులో మా ఊరి పేరు చెప్తే జనం గుర్తుపట్టడం మొదలెట్టారు.

మా అయ్య రేవులో హమాలీ. గంధకం ఓడ వచ్చిన రోజుల్లో చొక్కా అంతా పసుపుపచ్చగా చేసుకుని వచ్చేవాడు. కళ్లు ఎర్రగా మండిపోయేవి. అమ్మ గుడ్డ తడిపి కళ్ల మీద వేసేది. డిగ్రీ మొదటి ప్రాక్టికల్ రోజు డెమాన్‌స్ట్రేటర్ గారు చీటీ లేని సీసాల వరస పెట్టి, ఏదేమిటో చెప్పమన్నారు. పచ్చపొడి సీసా చూడగానే "గంధకం సార్" అన్నాను. ముట్టుకోకుండా, వాసన చూడకుండా ఎలా చెప్పావన్నారు. "మా అయ్య చొక్కా మీద ఉంటది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "మంచిది, అలాగే గుర్తుపెట్టుకో" అన్నారు.

నాకు ల్యాబంటే ప్రాణం. నైట్రేటు పరీక్షలో గొట్టం గోడ వెంట ఆమ్లం జారవిడిస్తే, రెండు ద్రావణాలు కలిసే చోట గోధుమరంగు వలయం ఏర్పడేది. దాన్ని చూడ్డానికి ఊపిరి బిగబట్టేవాణ్ణి. టైట్రేషన్‌లో ఒక్క బొట్టుతో ఫ్లాస్కంతా లేతగులాబీ రంగు తిరిగేది. సైన్సులో కులం లేదని నేను నమ్మిన రోజులవి. ఆమ్లం ఎవరి చేతి మీద పడ్డా ఒకేలా కాలుతుంది కదా!

అప్పట్లో చాలాచోట్ల పిపెట్‌ను నోటితోనే పీల్చేవాళ్లం. రబ్బరు బల్బులు అందరికీ ఉండేవి కావు. మా బల్ల మీద నలుగురికి ఒకే పిపెట్. నా తర్వాత వంతు వచ్చే మిత్రుడు దాన్ని కుళాయి కింద పెట్టి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, జేబురుమాలుతో కొన తుడిచి, అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు. పిపెట్‌ను కడగాలని పుస్తకంలోనే ఉంది కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మిగతా ఇద్దరి తర్వాత వంతు వచ్చినప్పుడు అతను కడగడం నేను ఒక్కసారీ చూడలేదు. మూడు వారాలు లెక్కపెట్టాను. నాలుగో వారం అతను జామెట్రీ బాక్సులో సొంత పిపెట్ తెచ్చుకున్నాడు.

ఆగ్జాలిక్ ఆమ్లం విషం. దాన్ని గొట్టంతో నోటి దాకా పీల్చడానికి అతనికి భయం లేదు. నా ఎంగిలికే భయం.

ఎవరికి చెప్పను? ఏమని చెప్పను? "శుభ్రంగా కడుక్కుంటున్నాడు సార్" అని ఫిర్యాదు చేస్తారా ఎవరైనా? కులం మన చదువుల్లో ఇలాగే బతుకుతుంది. ఎప్పుడూ ఏదో ఒక నియమం చాటున నిలబడి ఉంటుంది. ఆ నియమం ఎవరి దగ్గర పాటిస్తున్నారు, ఎవరి దగ్గర పాటించడం లేదు అని లెక్కపెట్టినప్పుడే అది బయటపడుతుంది.

2.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

మన దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీలను చాలాచోట్ల 'ఆర్ట్స్ కాలేజీ' అంటారు. 1853లో బడిగా మొదలైన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ అందరికీ తెలిసిందే. కెమిస్ట్రీ చెప్పే చోటును ఆర్ట్స్ కాలేజీ అనడమేమిటి? ఈ పేరు ఐరోపా నుంచి వచ్చింది. అక్కడి పాత విశ్వవిద్యాలయాల్లో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం అని ఏడు విద్యలుండేవి. వాటిని 'లిబరల్ ఆర్ట్స్' అన్నారు. లాటిన్‌లో 'లిబర్' అంటే స్వేచ్ఛ ఉన్న మనిషి. బానిస కానివాడు నేర్వదగిన విద్యలు అని ఆ మాటకు అర్థం. చేత్తో చేసే పనులు అందులోకి రావు. నేత, లోహపు పని, తోలు పని వేరే పట్టీలోకి పోయాయి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మనుస్మృతి చదవనివాళ్లు కూడా ఇదే గీత గీశారు.

కెమిస్ట్రీ ఆ ఏడింటిలో లేదు. ఎందుకంటే అది చేతులు కాల్చుకునే విద్య. కొలిమి, బట్టీ, అద్దకపు తొట్టి దగ్గర పుట్టిన విద్య. అది కాలేజీలో గౌరవంగా కూర్చోవడానికి 19వ శతాబ్దం రావాల్సి వచ్చింది. జర్మనీలోని గీసెన్‌లో లీబిగ్ 1820ల్లో విద్యార్థుల చేత స్వయంగా ప్రయోగాలు చేయించే ల్యాబు పెట్టాడు. చూసి నేర్చుకోవడం కాదు, చేసి నేర్చుకోవడం అన్నాడు. మన ప్రాక్టికల్ పరీక్షకు మూలం అక్కడుంది. అంటే కెమిస్ట్రీ కాలేజీ గడప తొక్కడమే చేతిపని గడప తొక్కడం.

మన విశాఖలో ఆ గడప ఏ.వి.ఎన్. కాలేజీ. 1860లో బడిగా మొదలైంది. సి.వి. రామన్ తండ్రి అక్కడ లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. రామన్ ఎఫ్.ఏ. చదివింది అక్కడే. తర్వాత మద్రాసులో 1904లో డిగ్రీ పూర్తి చేశాడు. చదివింది ఫిజిక్సు, ఇచ్చింది బి.ఏ. పట్టా. సాహిత్యం చదివినా పదార్థం చదివినా అప్పుడు ఒకటే ఆర్ట్స్ పట్టా. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. జయపురం మహారాజా విక్రమ్ దేవ్ వర్మ దానంతో సైన్సు కాలేజీ వచ్చింది. 1930ల్లో టి.ఆర్. శేషాద్రి వచ్చి కెమిస్ట్రీ శాఖను నిలబెట్టారు. పత్తిపూలలో, మొక్కల్లో ఉండే రంగు పదార్థాల నిర్మాణం మీద ఇక్కడ పనిచేశారు. 1949లో ఢిల్లీ వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. గొప్ప పని. ఆ పనికి దండం పెడతాను.

అయితే ఆ ల్యాబు బయట అప్పటికే శతాబ్దాలుగా మొక్కల రంగులతో పనిచేస్తున్నవాళ్లున్నారు. వాళ్ల సంగతేమిటి?

3.

మచిలీపట్నం అద్దకం తెలుసు కదా. బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటికతో బొమ్మ వేసి, చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాది ఉతుకులో పోతుంది. ఆ ఎరుపు అలిజరిన్. దాన్ని పోగుకు కట్టి ఉంచేది పటికలోని అల్యూమినియం. డిగ్రీలో 'మోర్డెంట్' అని రెండు మార్కులకు రాసే ప్రశ్న ఇదే. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆ తర్వాత వేరు తవ్వేవాళ్ల బతుకు, అద్దేవాళ్ల బతుకు ఏమైందో ఏ కెమిస్ట్రీ పుస్తకం రాయదు.

మా తాత లంద దగ్గర పనిచేశాడు. విజయనగరం వైపు పల్లె మాది. లంద అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు, తోలు ఊనబెట్టే తొట్టి. పచ్చితోలును ముందు సున్నపు నీళ్లలో వేస్తారు. క్షారానికి వెంట్రుక కుదుళ్లు వదులవుతాయి. గీకి, కడిగి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో రోజుల తరబడి ఉంచుతారు. చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టి బిగిస్తాయి. ఇక అది కుళ్లదు. చచ్చిన పశువు చర్మం చెప్పవుతుంది, డప్పవుతుంది, మోటబావి బొక్కెన అవుతుంది. ఆ తోలు లేకపోతే నీళ్లు తోడి పొలం పండించిందెవరు? అయినా ఊరు ఆ వాసనను మాత్రమే గుర్తుపెట్టుకుంది. కంచ ఐలయ్య గారు మాదిగలను శాస్త్రవేత్తలని రాసినప్పుడు చాలామంది వెటకారం చేశారు. లంద దగ్గర ఒక్క రోజు నిలబడితే ఆ వెటకారం ఉండదు.

ఈ మాట మనమే అంటే కులపిచ్చి అంటారు. కాబట్టి ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్‌ని పిలుద్దాం. ఈ దేశంలో ఆధునిక కెమిస్ట్రీకి పునాది వేసినవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు. హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా 1902లో, 1909లో వేశాడు. మన ప్రాచీనులు అంత గొప్ప, ఇంత గొప్ప అని చెప్పుకోవడానికి ఈరోజుకీ ఆ పుస్తకం పేరు వాడుకునేవాళ్లున్నారు. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఈ దేశంలో శాస్త్ర దృష్టి ఎందుకు ఎండిపోయిందో కూడా రాయ్ అందులో రాశాడు. కులవ్యవస్థ గట్టిపడ్డాక చేతిపనులన్నీ కింది కులాలకు వదిలేశారు. ఆలోచించే వర్గం పదార్థానికి దూరమైంది. ఎందుకు, ఎలా అని అడిగే అలవాటు పోయింది. ఆయన వాదన ఇది. శవాన్ని ముట్టుకోకూడదన్నాక శరీరశాస్త్రం ఎలా బతుకుతుందన్నాడు. తర్వాత 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఇదే గాయాన్ని ఇంకోవైపు నుంచి చూపించాడు. కులం పనిని పంచి ఊరుకోలేదు, పనిచేసేవాళ్లనే ఒకరిమీద ఒకరిని మెట్లుగా పేర్చిందని.

చేయి ఒకచోట, పుస్తకం ఒకచోట. రెండూ కలిస్తేనే కెమిస్ట్రీ. మన దేశంలో వాటి మధ్య ఊరికీ వాడకీ ఉన్నంత దూరం పెట్టారు.

ఆ దూరాన్ని కొంత దాటిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. 1922లో గుంటూరు జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టాడు. గుంటూరు ఏ.సి. కాలేజీలో ఇంటర్మీడియట్, బనారస్‌లో కెమికల్ టెక్నాలజీ, అమెరికాలో డాక్టరేట్. 'ఇంత చదివి తోలు పనా' అనే దేశంలో తోలునే ఎంచుకున్నాడు. మద్రాసులో 1948లో వచ్చిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యాడు. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయాడు. తోలును గౌరవమైన శాస్త్రంగా నిలబెట్టినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. ఒక ప్రశ్న మాత్రం ఉంది. తంగేడు చెక్క ల్యాబులోకి వెళ్లింది, సున్నపు తొట్టి వెళ్లింది. తరతరాలుగా దాని పక్కన నిలబడ్డ మనిషి ఎప్పుడు వెళ్లాడు?

4.

ఈ ప్రశ్న మనది ఒక్కరిదే కాదు. సముద్రం అవతల ఇదే ప్రశ్న అడిగిన ఇద్దరి గురించి చెప్తాను.

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటే చిన్న కాలేజీలు. సాహిత్యం, చరిత్ర, కెమిస్ట్రీ ఒకే ఆవరణలో అందరికీ చెప్తారు. బానిసత్వం రద్దయిన తర్వాత 1866లో నల్లవాళ్ల కోసం నాష్‌విల్‌లో మొదలైన ఫిస్క్ అలాంటిదే. సెయింట్ ఎల్మో బ్రేడీ అక్కడ 1908లో డిగ్రీ చదివాడు. 1916లో ఇల్లినాయ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. అమెరికాలో కెమిస్ట్రీ డాక్టరేట్ పొందిన మొదటి నల్లవాడు. ఆ తర్వాత ఆయన పెద్ద కంపెనీకి వెళ్లలేదు. టస్కెగీ, హోవర్డ్, ఫిస్క్, టూగలూ అని నల్లవాళ్ల కాలేజీలు తిరిగి కెమిస్ట్రీ శాఖలు కట్టాడు.

రెండోవాడు పెర్సీ జూలియన్. అలబామాలో 1899లో పుట్టాడు. తాత బానిస. రాయడం నేర్చుకున్నందుకు ఆ తాత వేళ్లు రెండు నరికారని జూలియన్ చెప్పేవాడు. ఏకలవ్యుడి కథ మనకొక్కరికే లేదు. 1916లో జూలియన్ ఇండియానాలోని డిపా అనే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చేరాడు. అతని ఊళ్లో నల్లపిల్లలకు సరైన హైస్కూలు లేదు. అందుకని కాలేజీ పాఠాలతో పాటు హైస్కూలు పాఠాలూ పక్కన చదవాల్సి వచ్చింది. కాలేజీ హాస్టల్లో ఉండనివ్వలేదు. తెల్ల విద్యార్థుల ఇంట్లో వడ్డిస్తూ, బట్టీలో బొగ్గు వేస్తూ, అటకమీద పడుకుని చదివాడు. 1920లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. హార్వర్డ్‌లో మాస్టర్స్ చేశాడు. తెల్ల విద్యార్థులు నల్లవాడి దగ్గర పాఠం వినరని అక్కడ బోధన ఇవ్వలేదు. 1931లో వియన్నాలో డాక్టరేట్. మళ్లీ డిపాకే వచ్చి, 1935లో గ్లాకోమాకు వాడే ఫైసోస్టిగ్మిన్‌ను కృత్రిమంగా తయారుచేశాడు. అయినా ఆ కాలేజీ అతనికి ప్రొఫెసర్ ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత సోయా నుంచి హార్మోన్లు తీశాడు. వందకు పైగా పేటెంట్లు. 1950లో షికాగో పక్కన ఇల్లు కొనుక్కుంటే తగలబెట్టబోయారు. 1951లో డైనమైట్ విసిరారు. అదే డిపాలో ఇప్పుడు సైన్సు భవనానికి అతని పేరుంది.

మన యల్లాప్రగడ సుబ్బారావు కూడా అదే హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల పడక శుభ్రం చేశాడు. ఆ కష్టం నిజం. ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టిన ఆ చేతులకు అందరం గర్వపడతాం. కానీ ఆయనకు ఆ పని జీవితంలో ఒక అధ్యాయం. మన రెల్లి అన్నలకు పుట్టుకతో రాసిచ్చిన పుస్తకం. తేడా అక్కడుంది.

5.

మనకు ఫిస్క్ లాంటిది ఉందా? ఉంది. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిలింద్ కాలేజీ. సిద్ధార్థ కాలేజీ పూర్తి పేరు చూడండి: అందులో 'ఆర్ట్స్'తో పాటు 'సైన్స్' కూడా ఉంది. ఎకనామిక్సు, న్యాయశాస్త్రం చదివిన మనిషి, తన వాళ్లకు గుమాస్తా చదువు చాలు అనుకోలేదు. కెమిస్ట్రీ ల్యాబు కూడా కావాలనుకున్నాడు. బుద్ధుడి పేరు, మిలిందుడి పేరు పెట్టాడు. అడగడం ధర్మం అని చెప్పిన పేర్లవి. మా మధురవాడకు కూతవేటు దూరంలో తొట్లకొండ, బావికొండ ఆరామాలున్నాయి. ఆ కొండెక్కినప్పుడల్లా నాకు ఆ రెండు కాలేజీల పేర్లు గుర్తొస్తాయి.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. మనందరం బతికిన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడు. నా ల్యాబు ఫీజు, నా రికార్డు పుస్తకం, నా హాస్టలు మెస్సు, అన్నీ అందులోంచే. ఎవరైనా 'ఊరికే వచ్చింది' అంటే ఈ సంవత్సరం చెప్పండి.

ఇప్పుడు లిబరల్ ఆర్ట్స్ పేరుతో లక్షల ఫీజుల విశ్వవిద్యాలయాలు వస్తున్నాయి. కెమిస్ట్రీతో పాటు కవిత్వం చదవచ్చని ప్రకటనలిస్తున్నాయి. నవ్వొస్తుంది. మన డిగ్రీ కాలేజీలో నేను పొద్దున భౌతికం, తర్వాత జాషువా పద్యం, మధ్యాహ్నం సాల్ట్ ఎనాలిసిస్ చదివాను. పేదోడి లిబరల్ ఆర్ట్స్ అదే. 2023-24 నుంచి మన రాష్ట్రంలో మూడు సమాన సబ్జెక్టుల పద్ధతి పోయి ఒక మేజరు, ఒక మైనరు వచ్చాయి. సబ్జెక్టు ఎంచుకోవడం పదిహేడేళ్ల పిల్ల మీద పడింది. అందుకే ఆ అమ్మాయి నా గుమ్మం దగ్గర నిలబడింది.

6.

అమ్మా, నువ్వడిగిన దానికి జవాబు.

తెలుగు మీద ప్రేమతో ఎమ్మే చేశానని ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్నాను. అది సగమే నిజం. మా పార్ట్-టూ తెలుగు మాష్టారు జాషువాను చెప్పిన తీరు నన్ను లాగింది. మిగతా సగం ఆ పిపెట్. ఎమ్మెస్సీ ఎంట్రెన్సు దరఖాస్తు నింపి, పంపకుండా పుస్తకంలో పెట్టేశాను. ఇంకో రెండేళ్లు ఇంకో బల్ల దగ్గర ఇంకో జేబురుమాలు చూడలేననిపించింది. నేను కెమిస్ట్రీలో ఓడిపోలేదు. ల్యాబులోంచి లేచొచ్చేశాను. ఆ సబ్జెక్టు మనకు పడకపోవడం కాదది.

మీ నాన్న భయం ఉత్తది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకులో స్టైరీన్ తనలో తాను పాలిమరై, వేడి పుట్టి, ఆ వేడికి ఇంకా వేగం పెరిగి ఆవిరైపోయింది. దాన్ని ఆపే రసాయనం చాలినంత లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్ పేలుడులో 17 మంది పోయారు. సాల్వెంట్ ఆవిరి అంటుకుంది.

ఈ రెండూ డిగ్రీ కెమిస్ట్రీతో అర్థమయ్యే విషయాలు. ఫ్యాక్టరీ గోడ పక్క బస్తీల్లో, లోపల కాంట్రాక్టు పనిలో మనవాళ్లున్నారు. మా అయ్యకు గంధకం కళ్లు మండిస్తుందని తెలుసు, ఎందుకో తెలియదు, ఎవరినడగాలో అసలే తెలియదు. ట్యాంకు ఉష్ణోగ్రత రికార్డు చూపించమని అడగడానికి, తనిఖీ నివేదిక చదవడానికి, తనిఖీ అధికారిగా వెళ్లడానికి మనవాళ్లు కావాలి. మనం కెమిస్ట్రీ మానేస్తే రసాయనాలు మనల్ని మానెయ్యవు.

అందుకే మానొద్దు. ఇప్పుడు నోటితో పీల్చే పని లేదు, బల్బులొచ్చాయి. అయినా కులం ఇంకో నియమం చాటున నీ బల్ల దగ్గరికి రావచ్చు. ప్రాక్టికల్ బ్యాచీ విడదీసేటప్పుడు రావచ్చు, వైవా మార్కుల్లో రావచ్చు. వచ్చినప్పుడు నాలా మూడు వారాలు ఒక్కడివే లెక్కపెట్టుకోకు. తేదీ వేసి రాసిపెట్టు. నాకు చెప్పు. మీ సీనియర్లకు చెప్పు. కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఉంటుంది, దానికి కాగితం పెట్టు. నాకు ఆ రోజు అలా చెప్పేవాళ్లెవరూ లేరు.

రేపు మూడో పీరియడ్ నాకు ఖాళీ. మీ నాన్నను కూడా తీసుకురా, ల్యాబులో కూర్చుని మాట్లాడుకుందాం. ఆయన కూడా రేవులో పనిచేశారని విన్నాను. గంధకం సీసా చూపిస్తే గుర్తుపడతారు.

జై భీమ్.